నన్ను అడగని దత్తత

నా జబ్బు నిద్ర పట్టకపోవడంతో మొదలైంది. ఆ ఒక్క సంగతి మా ఇంట్లో ఎవరికైనా ముందే తెలిసి ఉంటే తక్కినదంతా ఇలా జరిగేది కాదేమోనని ఇప్పటికీ అనుకుంటాను. పసిబిడ్డ ఏడుస్తుంటే బాలింతకు నిద్ర ఉండదు, అది అందరికీ తెలిసిందే. కానీ బిడ్డ హాయిగా పడుకున్నా, ఇల్లంతా పడుకున్నా తల్లికి మాత్రం కన్ను మూతపడకపోతే, రోజుల తరబడి అట్లాగే గడిస్తే, అది బాలింత అలసట కాదు. నాకు ఆ మాట చెప్పినవాళ్లు లేరు. ఇది చదివే ఆడవాళ్లలో ఏ ఒక్కరికి పనికొచ్చినా చాలు.

నా పేరు రాజేశ్వరి. ఇంట్లో రాజవ్వ అంటారు. వేములవాడకు దగ్గర ఊళ్లో మా బాపు మగ్గం నేసేవాడు. నిజాం రాజ్యం పోయి బడుల్లోకి తెలుగు వచ్చిన కొత్తలో, ఆడపిల్లకు చదువెందుకని పద్మశాలి వాడంతా అంటున్నా, నన్ను ఏడో తరగతి దాకా చదివించాడు. పెళ్లయ్యాక బెల్లంపల్లికి వెళ్లాను. మా ఆయన నర్సయ్య అక్కడి బొగ్గుబాయి దగ్గర దీపాల గదిలో పనిచేసేవాడు. బాయిలోకి దిగేవాళ్లకు దీపాలు అందించడం, పైకి వచ్చాక లెక్క చూసి తీసుకోవడం ఆయన పని. దీపం వెనక్కి రాకపోతే మనిషి రాలేదని అర్థం. అందుకేనేమో ఆయన మాట తక్కువ మనిషి. కంపెనీ వాళ్లిచ్చిన రెండు గదుల ఇంట్లో మేమిద్దరం బాగానే ఉన్నాం.

1957లో వానలు తగ్గుతున్న రోజుల్లో మా సుగుణ పుట్టింది. మొదటి కాన్పు పుట్టింట్లోనే కావాలని మా అవ్వ, అంటే మా అమ్మ, పట్టుబట్టింది. ఊళ్లో మంత్రసాని తప్ప ఎవరూ లేరని, ఇక్కడైతే కంపెనీ దవాఖాన ఉందని మా ఆయన నచ్చజెప్పాడు. అవ్వే బెల్లంపల్లి వచ్చి నాకు కాయం మందు పెట్టింది, బిడ్డకు నీళ్లు పోసింది. ఇరవై ఒకటో నాడు వాడకట్టు ఆడవాళ్లంతా చేరి తొట్టెల కట్టి బిడ్డను ఊపారు. సుగుణ అన్న పేరు నేను పెట్టిందే. ఆ తర్వాత బాపుకు జ్వరమని కబురు రావడంతో అవ్వ వెళ్లిపోయింది. ఆమె బదులు హుస్నాబాద్ నుంచి మా యారాలు కనకవ్వ వచ్చింది. యారాలంటే మా ఆయన అన్న భార్య. మా బావ లింగయ్యకు హుస్నాబాద్‌లో కిరాణా దుకాణం ఉంది. వాళ్లకు ముగ్గురు పిల్లలు పుట్టి ముగ్గురూ పురిట్లోనే పోయారు. కనకవ్వ సుగుణను మొదటిసారి ఎత్తుకున్న రోజు పొద్దుగూకేదాకా కింద దించలేదు.

బెల్లంపల్లిలో బొగ్గు పొడి అన్నిటి మీదా పడుతుంది. ఆరేసిన బట్టల మీద, కడిగి బోర్లించిన గిన్నెల మీద, మనుషుల కనురెప్పల మీద కూడా. అక్కడ దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ చలికాలంలో నాకు మాత్రం ఆ పొడి తప్ప ఇంకేమీ కనిపించకుండా పోయింది. తొట్టెల దులిపేదాన్ని, గోడ తుడిచేదాన్ని, మళ్లీ తొట్టెల దులిపేదాన్ని. నిద్ర లేదు, ఆకలి లేదు. విచిత్రమేమంటే అలసట కూడా లేదు. ఒంట్లో ఏదో మర తిరుగుతున్నట్టు ఉండేది. ఒకరోజు నా పాలు బూడిద రంగులో కనిపించాయి. నేను పీల్చిన పొడంతా పాలలోకి దిగి బిడ్డ కడుపును నల్లగా చేస్తోందని నాకు తెలిసింది. ‘అనిపించింది’ అని రాయడం లేదు, తెలిసిందనే రాస్తున్నాను. ఇప్పుడు ఈ కాగితం నా ముందుందని ఎంత గట్టిగా తెలుసో, అప్పుడు ఆ సంగతీ అంత గట్టిగానే తెలుసు. ఈ జబ్బు రానివాళ్లకు ఎంత చెప్పినా అర్థం కానిది ఇదే.

“పోరి గొంతు ఎండిపోతుంది, పాలెందుకియ్యవే?” అని కనకవ్వ అడిగింది.

“నా పాలల్ల బొగ్గున్నదక్కా.”

ఆమె ముందు నవ్వింది. “గీ ఊళ్లె బొగ్గు లేని జాగ ఏడున్నదే?” అంది. తర్వాత నా ముఖంలోకి చూసి నవ్వడం మానింది. ఆ పూటే మేకపాలు తెప్పించి దూదివత్తితో బిడ్డకు పట్టించింది.

ఒక పొద్దున సుగుణను నల్లా కింద పట్టి కడిగాను. పైన నలుపు పోతే లోపలి నలుపు కూడా పోతుందనుకున్నాను. చలికాలపు నీళ్లు. బిడ్డ ముందు గుక్కపట్టి ఏడ్చింది, తర్వాత ఏడవడం మానింది. ఏడుపు మానిందంటే శుభ్రపడిందనుకున్నాను. కనకవ్వ పొయ్యి దగ్గర నుంచి ఉరికి వచ్చి బిడ్డను లాక్కుంది. రవికె విప్పుకొని ఆ చల్లటి పసిదాన్ని తన రొమ్ముకు అదుముకొని, మీద గొంగడి కప్పుకొని పొయ్యి పక్కన కూర్చుంది. మళ్లీ ఏడుపు వినిపించేదాకా ఆమె కదల్లేదు. నేను ఎదురుగా నిలబడి, బిడ్డకు మళ్లీ మసి అంటిస్తోందని ఆమెను తిడుతూనే ఉన్నాను.

ఆ రోజు నుంచి బిడ్డను నా చేతికి ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే సరైనది. ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ అదే నిజం.

కనకవ్వ సుగుణను తీసుకొని హుస్నాబాద్ వెళ్లిపోయింది. నన్ను మా అవ్వగారింటికి చేర్చారు. గాలి సోకిందన్నారు, ఎవరో చేశారన్నారు. వేపమండలతో కొట్టినవాడూ ఉన్నాడు, మిరపకాయల పొగ పెట్టినవాడూ ఉన్నాడు. వాటి గురించి ఇంతకంటే రాయను. శివరాత్రి జాతర జనం పలచబడ్డాక అవ్వ నన్ను వేములవాడ తీసుకుపోయింది. రాజన్న స్వామికి మొక్కుగా కోడెను కట్టింది, గుళ్లోనే ఉన్న దర్గా దగ్గర మొక్కింది. నాలాంటి వాళ్లు అక్కడ చాలామంది ఉండేవారు. నయమయ్యేదాకా సోమవారాలు గడుపుతూ అక్కడే ఉంటామని మొక్కుకొని, రోగి కాలికి తాడు కట్టి, రెండో కొస తమ చేతికి చుట్టుకొని పడుకునేవాళ్లు. మా అవ్వ కూడా అట్లాగే చుట్టుకుంది. నేను లాగినప్పుడల్లా ఆమె మణికట్టు ఒరుసుకుపోయి పుండు పడింది.

మా పక్కన ఆదిలాబాద్ దిక్కు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, జబ్బుపడ్డ తమ్ముణ్ణి పెట్టుకొని ఉండేది. ఆమె మాటల్లో సగం మరాఠీ. నేను తల దువ్వనిచ్చేదాన్ని కాదు, దగ్గరికి వస్తే కరిచేదాన్ని. ఆమె భయపడకుండా నా వెనక కూర్చొని, జడలు కట్టిన జుట్టును నూనె రాసి పాయపాయగా విడదీసింది. “రడూ నకో బాయి, ఏడువకు,” అనేది. ఒకనాడు మా అవ్వతో చెప్పింది:

“గిది దయ్యం గాదమ్మా, బీమారి. నా తమ్ముణ్ణి హైదరాబాద్ల జూపిస్తె నిద్రమందు ఇచ్చిన్రు. జర మంచిగయిండు. దేవునికి మొక్కు, మొక్కద్దంటలేను. గని దవాఖానకు గూడ తీస్కపో.”

అంతకు ముందు ‘బీమారి’ అన్నవాళ్లు ఎవరూ లేరు. జబ్బు అంటే తగ్గేది. అవ్వ ఆ మాట పట్టుకొని మా ఆయనకు కబురు పెట్టింది.

1958 వానాకాలంలో నన్ను కరీంనగర్ కోర్టుకు తీసుకుపోయారు. హైదరాబాద్ దవాఖానలో చేర్చుకోవాలంటే జడ్జి కాగితం కావాలని మా బావ బాపుతో చెప్పాడు. అది అబద్ధం కాదు. అయితే అడగబోతున్నది అదొక్కటే కాదన్న సంగతి బాపుకు తెలియదు. కోర్టు వరండాలో చాలాసేపు కూర్చున్నాం. బావ వెంట వచ్చిన మా అత్త నా కొంగు సర్దుతూనే ఉంది. మా ఆయన అరటిపండు ఒలిచి, ముక్కలు చేసి, ఒక్కొక్కటే నా నోటికి అందించాడు. ఆ రోజు ఆయన నా వంక ఒక్కసారి కూడా నేరుగా చూడలేదు. ఎవరిదో భూమి తగాదా ముందు పిలిచారు, తర్వాత మమ్మల్ని పిలిచారు.

జడ్జి గారు మెత్తగానే మాట్లాడారు. నీ పేరేమిటన్నారు, చెప్పాను. ఏ ఊరన్నారు, చెప్పాను. మీ ఆయన ఏం పని చేస్తాడన్నారు, దీపాలిస్తాడని చెప్పాను. చక్కగా చెబుతున్నానని బాపు ముఖంలో వెలుగు కనిపించింది.

“నీకు పిల్లలెంతమంది అమ్మా?” అని అడిగారు.

అప్పుడు నా లోపల ఏం జరిగిందో నాకు ఇప్పటికీ బాగా గుర్తుంది. ఆ గది నిండా నల్లకోట్లు వేసుకున్న మనుషులున్నారు. బిడ్డ ఉందని వీళ్లకు తెలిసిందంటే ఆ నలుపు బిడ్డను వెతుక్కుంటూ వెళ్తుంది. సుగుణను కాపాడుకోవాలంటే ఒక్కటే దారి.

“లేరు,” అన్నాను.

“పుట్టలేదా?”

“పుట్టలే. నాకు పిల్లలే లేరు.”

మా ఆయన తల దించుకున్నాడు. బాపు ముందుకు వచ్చి చేతులు జోడించాడు. “దొరా, భయం తోటి గట్ల అంటుంది. దానికి ఆడిబిడ్డ ఉన్నది. పేరు గూడ అదే పెట్టింది. ఇంకోసారి అడుగుండ్రి దొరా,” అన్నాడు.

జడ్జి గారు ఇంకోసారి అడిగారు. నేను మళ్లీ అదే చెప్పాను. బయటికి వచ్చేటప్పుడు నాకెంత గర్వంగా ఉందో రాయలేను. బిడ్డను దాచేశాను, ఇక ఎవరికీ దొరకదు అనుకున్నాను. నాకు మతి స్థిమితం లేదని, నా మంచిచెడ్డలు నేను చూసుకోలేనని జడ్జి గారు తీర్పు ఇచ్చారు. ఆయన తప్పేమీ లేదు. చూసిందే రాశారు.

ఆ తర్వాత హైదరాబాద్‌లో దవాఖాన. అక్కడ నేను మూడేళ్లకు తక్కువ లేను. మొదటి ఏడాది ముక్కలు ముక్కలుగా తప్ప గుర్తు లేదు. బయట రేకుల పందిరి కింద, రోగుల వెంట వచ్చినవాళ్లు మూటలతో కూర్చొని పేరు పిలిచేదాకా ఎదురుచూసేవారు. నన్ను లోపలికి తీసుకుపోతుంటే అవ్వ ఆ పందిరి కింద నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. కరెంటు పెట్టేముందు నోట్లో పెట్టే రబ్బరు ముక్క వాసన, లేచాక నాది కానట్టుండే తల, మందులకు పిడచగట్టుకుపోయే నాలుక గుర్తున్నాయి. పక్క మంచం మీది తురక ముసలమ్మ తన రొట్టెలో సగం తుంచి నా పళ్లెంలో పడేసేది. ఎందుకని ఎన్నడూ చెప్పలేదు. మేరీ అనే నర్సమ్మ నన్ను ‘ఏయ్’ అనకుండా రాజేశ్వరీ అని పేరు పెట్టి పిలిచేది. అలా పేరుతో పిలిపించుకోవడం ఎంత అవసరమో ఆ గోడల లోపలికి పోయినవాళ్లకే తెలుస్తుంది.

నయం కావడం ఒక్కరోజులో జరగలేదు. మురికి నీళ్లు తేరుకున్నట్టు మెల్లగా తేరుకుంది. 1960లో ఎండలు ముదురుతున్నప్పుడు, ఒక పొద్దున నిద్ర లేచి, నిద్రపోయానని గమనించాను. పాలల్లో బొగ్గు ఉండదు అన్నది కూడా ఆ రోజే తట్టింది. దాని వెనకే నల్లా కింద నీలిపడిన బిడ్డ పెదవులు కళ్ల ముందుకు వచ్చాయి. మేరీ సిస్టర్ పరుగెత్తుకొచ్చి, నాకు మళ్లీ తిరగబెట్టిందనుకుంది. కాదు. అప్పటిదాకా జబ్బు నన్ను ఏడవనివ్వలేదు. అది పోయాక ఏడ్చాను.

తర్వాతి నెల బాపు వచ్చాడు. తువ్వాలలో మక్కపేలాలు కట్టుకొచ్చాడు. అంతకు ముందు వచ్చినప్పుడల్లా ఆయన మాట్లాడేవాడు, నేను గోడ వంక చూసేదాన్ని. ఈసారి నేనే ముందు అడిగాను.

“బాపూ, సుగుణ నడుస్తుందా?”

ఆయన చేతుల్లోంచి మూట జారింది. నా తల మీద చెయ్యి వేసి, “నా బిడ్డ వాపసొచ్చింది, నా బిడ్డ వాపసొచ్చింది,” అని పదిమందీ వింటుండగా ఏడ్చాడు. కాసేపటికి కళ్లు తుడుచుకున్నాడు. కానీ ఆ సంతోషం ఆయన ముఖంలో నిలవలేదు.

“నడుస్తుంది బిడ్డా. ఉరుకుతుంది గూడ. మస్తు మాటలు. హుస్నాబాద్ల మీ బావ దగ్గర్నే ఉన్నది.”

“నేను పోయి తెచ్చుకుంట.”

బాపు కింద పడ్డ మూట తీసి మళ్లీ ముడి వేశాడు. “దాన్ని మీ బావకు దత్తత ఇచ్చిండ్రు రాజవ్వా. నువ్వీడికి వచ్చిన యాడాదే. పంతులును పిలిచి అంత పద్ధతి ప్రకారం చేసిండ్రు. నాకు గూడ అయినంకనే చెప్పిండ్రు.”

“నేనియ్యంది ఎట్లిస్తరు? నేను తల్లిని గాదా?”

“కొత్త కానూన్ ప్రకారం తండ్రి ఇయ్యాలంటె తల్లి ఒప్పుకోవాలెనట. గని కోర్టు నీకు తెలివి లేదన్నది గదా. తెలివిలేని తల్లిని అడిగే పని లేదట.” బాపు అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు. “గా కాగితం దవాఖాన కోసమే అనుకున్న బిడ్డా. నాకు తెల్వదు. నిజంగ నాకు తెల్వదు.”

ఆ రోజు నుంచి నాకు ఒకటే భయం. మళ్లీ పిచ్చి వస్తుందేమోనని కాదు, ఇక రాదేమోనని. తెలివితో ఆ మాటను మోయడం అంత కష్టంగా ఉండింది. డాక్టరు గారు మందు పెంచలేదు. “ఇది జబ్బు కాదు, దుఃఖం. దీనికి నా దగ్గర మందు లేదు,” అన్నారు. ఎందుకో ఆ మాట నన్ను నిలబెట్టింది.

1961 దసరాకు ముందు నన్ను ఇంటికి పంపారు. బతుకమ్మ పండుగ అయిన మరునాడు బాపు, నేను హుస్నాబాద్ బస్సెక్కాం. మా బావ దుకాణం వెనకే ఇల్లు. ఆకుపచ్చ పరికిణీ కట్టుకున్న పిల్ల ఒకతె వాకిట్లో, వాడిపోయిన తంగేడు పూలు ఏరుతోంది. ఎవరూ చెప్పకుండానే పోల్చుకున్నాను. నా నుదురు, మా ఆయన గడ్డం. నేను కూర్చొని చేతులు చాచాను. పిల్ల నన్ను ఒక్క క్షణం చూసి, “అవ్వా!” అని అరుస్తూ ఇంట్లోకి ఉరికింది. ఆ పిలుపు నాకు కాదు.

కనకవ్వ గడపలోకి వచ్చింది. సుగుణ ఆమె కొంగు వెనక దాక్కుంది. మా యారాలి ముఖం తెల్లబోయి ఉంది. నన్ను రమ్మనలేదు, పొమ్మనలేదు. చివరికి, “కాళ్లు కడుక్కోండ్రి,” అని నీళ్లిచ్చింది. పిల్లతో, “గీమె మీ చిన్నమ్మ. దండం పెట్టు,” అంది.

సుగుణ దూరం నుంచే దండం పెట్టింది.

పిల్ల ఆడుకోవడానికి వెళ్లాక కనకవ్వ నా ముందు కూర్చుంది. “రాజవ్వా, దొంగతనం జేసిననని నువ్వనుకుంటున్నవు. అనుకో. కోర్టు నాకు రాసిచ్చిందని నేనంటలేను. గని గా పొద్దు దాన్ని నా రొమ్ముకు పెట్టుకొని కూసున్నప్పుడు, రాజన్నా, గీ పోరి ఒక్కసారి ఏడిస్తె చాలు, నా పానం దీనికే అని మొక్కిన. అది ఏడ్చింది. గప్పటిసంది నా కొంగు విడువలే. మీ అత్త, మీ బావ దత్తతన్నరు, నేను వద్దనలే. ఎందుకంటవ్? నువ్వు మంచిగయి వచ్చి అడుగుతవని భయమైంది. నువ్వు మంచిగ గావద్దని గూడ ఒక్కొక్కపారి మొక్కుకున్ననే, నా నోరు పడిపోను!”

ఆమె మాట్లాడుతుంటే నాకు ఆమెను కొట్టాలనిపించింది, కాళ్లు పట్టుకోవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు. “అక్కా, నేను చూసి పోవచ్చునా? అప్పుడప్పుడు?” అని మాత్రం అడిగాను.

“రా. యాడాదికి ఎన్నిసార్లన్న రా. గని దానికి చెప్పకు. చిన్నపోరి, పరేషానయితది.”

చెప్పనని మాటిచ్చాను.

బాపు అయితే ఊరుకోలేదు. నన్ను వెంటబెట్టుకొని కరీంనగర్‌లో ఒక పెద్ద వకీలు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన అన్నీ విన్నాడు. “దేఖో అమ్మా, దత్తత పద్ధతి ప్రకారం ఒక్కసారి అయితే ఇగ తిరగదు. ఇచ్చినోడు వాపస్ తీస్కోలేడు, తీస్కున్నోడు వాపస్ ఇయ్యలేడు,” అన్నాడు.

“నాకు నయమైంది గదా సారు?”

“నయమైంది. సంతోషం. గని బీమారున్ననాడు కోర్టు చెప్పిన మాట ఆనాటికి సరిపోతది. కొట్లాడుత అంటె కొట్లాడు, కేసు వేస్త. ఏండ్లు నడుస్తది. రేపు గా పోరిని గూడ బోనెక్కించి, మీ అమ్మ ఎవరు అని అడుగుతరు. ఆలోచించుకో.”

బాపు నా వంక చూశాడు. ఆ గదిలో నిలబడి ప్రశ్నలకు జవాబు చెప్పడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. నాలుగేళ్ల పిల్లను అక్కడ నిలబెట్టలేను. “వద్దు బాపూ, ఇంటికి పోదాం,” అన్నాను. బయటికి వచ్చాక బస్సు కోసం ఆయన నాకు దూరంగా పోయి నిలబడ్డాడు. నేను ఓడిపోయానని ఆయన బాధ. చాలాకాలం నాకూ అదే బాధ ఉండేది.

మా ఆయన వచ్చి నన్ను బెల్లంపల్లి తీసుకుపోయాడు. వెళ్లిన రోజు నేను అడిగిందొక్కటే. “ఎందుకిచ్చినవు?”

“నువ్వు మళ్ల లేస్తవని ఎవలనుకున్నరు రాజవ్వా?” అన్నాడు. “నేను బాయికి పోతె పోరిని ఎవలు జూడాలె? దీపం రాకపోతె మనిషి రానట్టే గదా. నీ దీపం రాలే అనుకున్న.” ఆయన అంత పొడుగు మాట అనడం నేనెప్పుడూ వినలేదు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు కొంత తేలికగా ఉండేది.

కొన్ని నెలలు కలిసి ఉన్నాం. పక్కింటివాళ్ల పసిపిల్లను నేను ఎత్తుకుంటే చాలు, ఆయన తింటున్న అన్నం వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు. నా చేతులనే చూస్తూ ఉండేవాడు. ఇంకో బిడ్డ పుడితే ఏమవుతుందోనని రాత్రి పక్కకు రావడానికే భయపడేవాడు. అట్లా ఒకరినొకరు కాపలా కాసుకోవడం చేతకాక, నేనే మా అవ్వగారింటికి వెళ్తానన్నాను. రైలెక్కిస్తూ, “మందు మానకు,” అన్నాడు. తర్వాత కూడా పండుగలకు వచ్చి చూసి పోయేవాడు.

మేరీ సిస్టర్‌కు తెలిసినవారి ద్వారా కరీంనగర్ సర్కారు దవాఖానలో ఆయాగా పని దొరికింది. కాన్పుల వార్డులో వేశారు. నా జబ్బు సంగతి అక్కడి డాక్టరమ్మకు మొదటిరోజే చెప్పాను. ఆమె, “మందులు వేసుకుంటున్నావా?” అని అడిగింది. వేసుకుంటున్నానన్నాను. “అయితే రేపటి నుంచి రా,” అంది. అంత చిన్న మాటతో ఒక మనిషిని నమ్మవచ్చునని అప్పుడు తెలిసింది.

ఆ వార్డులో ఒకసారి, కాన్పయి పదిరోజులైనా కన్ను మూయని పిల్ల ఒకతెను చూశాను. గోడలోంచి ఎవరో తన బిడ్డ పేరు పిలుస్తున్నారని నాతో గుసగుసగా చెప్పింది. డాక్టరమ్మను పిలుచుకొచ్చాను. ఆమె ఆ పూటే నిద్రమందు మొదలుపెట్టించింది. ఆ పిల్ల అత్త దయ్యమని ఏడుస్తుంటే పక్కన కూర్చొని చెప్పాను. “అమ్మా, గిది బీమారి. తగ్గుతది. నాకు తగ్గింది, చూడు. బిడ్డను ఆమెకు ఒంటరిగ ఇయ్యకుండ్రి, గని ఆమె కండ్ల ముంగట్నుంచి తీస్కపోకుండ్రి. పక్కన కూసొని ఎత్తుకోనియ్యుండ్రి.” వాళ్లు విన్నారు. నెల తిరక్కముందే ఆ పిల్ల బిడ్డను చంకనేసుకొని ఇంటికి వెళ్లింది. నేను గేటు దాకా వెళ్లి సాగనంపి, వెనక్కి వచ్చి సామాన్ల గదిలో తలుపేసుకొని ఏడ్చాను.

సుగుణ సంగతి చెప్పి ముగిస్తాను. కనకవ్వ తన మాట తప్పలేదు. ఏటా వేములవాడ మొక్కుకు పోతూ కరీంనగర్‌లో దిగి, పిల్లను నా దగ్గర ఓ పూట ఉంచేది. నేను చిన్నమ్మగానే తల దువ్వేదాన్ని, చిన్నమ్మగానే అన్నం పెట్టేదాన్ని. 1967 ఎండాకాలం సెలవుల్లో వచ్చినప్పుడు సుగుణ పొడుగ్గా ఎదిగి ఉంది. ఆ రోజు కనకవ్వ కళ్లు వాచి ఉన్నాయి. “మీరు కూసోండ్రి, నేను బజారుకు పోయొస్త,” అని నా వంక చూడకుండానే వెళ్లింది.

సుగుణ నా గదిలో మంచం కోడు పట్టుకొని నిలబడింది.

“చిన్నమ్మా, నీకొచ్చిన బీమారి నాకు గూడ వస్తదా?”

“నీకెవలు చెప్పిండ్రు బిడ్డా?”

“బళ్లె పోరగాండ్లు పిచ్చిదాని బిడ్డ అంటుండ్రు. అవ్వనడిగితె నిజమే అన్నది. అన్ని చెప్పింది. నల్లా కింద పెట్టింది గూడ చెప్పింది.” ఆ పిల్ల ఏడవడం లేదు. “నాకు గూడ వస్తదా, చెప్పు.”

రాదని చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ ఆ పిల్లకు అబద్ధం చెప్పే హక్కు కూడా నాకు లేదనిపించింది.

“తెల్వది బిడ్డా. అందరికీ రాదు. రాకపోవచ్చు. గని ఎన్నడన్న నిద్ర పట్టకపోతె, ఎవలకూ కనిపించంది నీకు కనిపిస్తె, దాచిపెట్టకు. మొదటి దినమే చెప్పు. నిద్ర లేని సంగతి నేను దాచిపెట్టిన, గందుకే గట్లయింది. చెప్పుకుంటె తగ్గుతది.”

“ఎవలకు చెప్పాలె?”

ఆ ప్రశ్నకు నేను ఎన్నేళ్లు ఎదురుచూశానో ఆ పిల్లకు తెలియదు. నాకు చెప్పు, నీ కన్నతల్లిని నేను, అని నా లోపల ఎవరో గట్టిగా అరుస్తున్నారు.

“మీ అవ్వకు,” అన్నాను. “ముందుగాల మీ అవ్వకే చెప్పు. ఆమె నిన్ను విడువది. ఆమెకు చెప్పినంక నాకు కబురు పెట్టు. నేనొస్త.”

సుగుణ చాలాసేపు నా ముఖం చూసింది. నా నుదుటి మీద ఏదో వెతుకుతున్నట్టు చూసింది. తర్వాత మంచం కోడు వదిలి, వచ్చి నా పక్కన కూర్చుంది. ఒళ్లోకి రాలేదు. భుజం మాత్రం నా భుజానికి ఆనింది. కనకవ్వ వచ్చేదాకా మేము అట్లాగే కూర్చున్నాం.

సాయంత్రం బస్టాండుకు వెళ్లి ఇద్దరినీ వేములవాడ బస్సు ఎక్కించాను. కనకవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకొని వదిలింది. బస్సు కదలబోతుండగా సుగుణ కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

“చిన్నమ్మా!”

“ఓ బిడ్డా,” అన్నాను, ఏమన్నా మరిచిపోయిందేమోనని ముందుకు నడుస్తూ.

ఏమీ మరిచిపోలేదు. పిలిచి చూసింది, అంతే.